సబ్బులో వాసన నిలవాలంటే

చిలకలూరిపేట

అమ్మడికి,

నువ్వు పంపిన సబ్బులు అందాయి. అంచులు విరగకుండా చక్కగా కోశావు. నురగ బాగా వస్తోంది, స్నానమయ్యాక ఒళ్లు పొడిబారడం లేదు. వాసన గురించి నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. అచ్చులో పోసిన రోజు ఇల్లంతా కమలాపండు వాసన, నెలన్నర ఆరాక ముక్కుకి ఆనించినా ఏమీ లేదు, ఈసారి సుగంధ తైలం రెట్టింపు వెయ్యనా అని అడిగావు. వెయ్యొద్దు తల్లీ. డబ్బు దండగ, ఒంటికి మంట కూడా. కిలో నూనెలకి ముప్పై గ్రాముల సుగంధ తైలం అన్న నీ కొలత సరిగానే ఉంది. ఆ ముప్పై గ్రాముల్లో నెమ్మదిగా ఆవిరయ్యే బరువైన నూనె ఒక్కటీ లేదు, అదే లోటు.

కమలా తొక్క నూనెలో తొంభై శాతం పైగా లిమొనీన్ అనే పదార్థమే. అది 176 డిగ్రీల దగ్గర మరుగుతుంది. నీలగిరి తైలంలో ఉండే సినియోల్‌ది కూడా ఇంచుమించు అదే లెక్క. ఒంగోలు దారిలో జామాయిల్ ఆకు నలిపితే ముక్కులోకి దూసుకొచ్చే ఘాటు అదే. అంత వేగంగా వచ్చేది అంత వేగంగానూ పోతుంది. మరగడానికి 176 డిగ్రీలు కావాలి గానీ, కొద్దికొద్దిగా గాలిలో కలిసిపోవడానికి మన వసారాలో వీచే గాలి చాలు. గంధపు నూనెలోని శాంటలాల్ మరగాలంటే 300 డిగ్రీల దాకా పోవాలి. పచోలీ నూనెలో ముఖ్యమైన పదార్థానికీ 280 దాటాలి. ఇలాంటివి సబ్బులో నెలల తరబడి కూర్చుంటాయి, తమతోపాటు తేలిక నూనెల్ని కూడా కొంత పట్టి ఉంచుతాయి. కనౌజ్ అత్తరువాళ్లు గులాబీ ఆవిరిని నేరుగా గంధపు నూనెలోకే దింపేది ఇందుకే. మైసూర్ శాండల్ సబ్బు సంగతీ అంతే. మొదటి ప్రపంచ యుద్ధంలో గంధపుచెక్క ఎగుమతి ఆగిపోయి సరుకు పేరుకుపోతే, 1916లో మైసూరు సంస్థానంలోనే నూనె తీయడం మొదలుపెట్టారు. ఆ నూనె సబ్బులోకి ఎక్కింది. సబ్బు అరిగి బిళ్ల అయ్యాక కూడా గంధం తెలుస్తూనే ఉంటుంది చూడు.

గంధపు నూనె ధర మనకి అందేది కాదులే. దానికి బదులు మనవైపు ఇళ్లలో ఎరిగిన వాసనలే ఉన్నాయి. ఎండాకాలం గుమ్మానికి కట్టే వట్టివేళ్ల తడికలు నీకు గుర్తుండే ఉంటాయి. ఎండిపోతే ఏ వాసనా ఉండదు, నీళ్లు చల్లితే మళ్లీ లేస్తుంది, నిరుటి తడికైనా సరే. నిమ్మగడ్డి నుంచి నూనె రెండు మూడు గంటల్లో దిగిపోతుంది. వట్టివేళ్ల బట్టీ మాత్రం రాత్రీ పగలూ మండుతూనే ఉండాలి, అంత నిదానంగా వస్తుంది ఆ నూనె. అసలైనది చాలా ఖరీదు, కాబట్టి చుక్కల లెక్కన వాడుకో.

ఇంకొకటి మన చేలల్లోనే ఉంది. మిరపలోనూ పత్తిలోనూ ఎన్నిసార్లు పీకించినా మళ్లీ మొలిచే తుంగ. దాని గడ్డ ఒకటి తవ్వి, నల్లటి పై పొర గోటితో గీకి, విరిచి వాసన చూడు. తడిమట్టి, పాతచెక్క, చివర్న కొంచెం ఘాటు. అమ్మమ్మ సున్నిపిండిలో కచ్చూరాలతో పాటు తుంగముస్తలు కొట్టి కలిపేది ఆ వాసన కోసమే. దాని దగ్గరి జాతి గడ్డల నుంచి తీసిన నూనెని బజారులో నాగర్‌మోతా అంటారు. రైతులు తిట్టుకునే ఆ గడ్డిజాతి నూనెని అత్తరువాళ్లు వాసనలకి అడుగుగా వాడతారు. నీ సబ్బుకి నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పేది ఇదే. అయితే గడ్డలు దంచి పొడి కలిపితే సబ్బు మట్టిరంగుకి తిరుగుతుంది, ఒంటికి గరుకు తగులుతుంది, వాసన అంతంతమాత్రం. నూనె అయితేనే పని జరుగుతుంది.

కొనేముందు ఒక పని చెయ్యి. తెల్లకాగితం సన్నగా చీల్చి, ఒక్కో చీలిక మీద ఒక్కో నూనె చుక్క వేసి, పేరు రాసి వదిలెయ్యి. మర్నాడు పొద్దున, మూడోనాడు, వారం తర్వాత వాసన చూడు. కమలా రాత్రికే పోతుంది. పచోలీ వారానికి కూడా ఉంటుంది. తేలిక నూనె ఆరిపోయిన చోట జిడ్డు మరక మిగిలితే అందులో వేరే నూనె కలిపారనుకోవచ్చు. పచోలీ, వట్టివేరులాంటి చిక్కటి నూనెలకి మరక సహజమే, వాటిని ఆ లెక్కన అనుమానించకు.

కాగితం మీద నిలిచినవన్నీ సబ్బులో నిలవవు. మనం చల్లటి పద్ధతిలో చేస్తాం, అంటే తైలం వేసేసరికి కాస్టిక్ సోడా ఇంకా పచ్చిగానే ఉంటుంది. కొబ్బరినూనెని విరగ్గొట్టి సబ్బు చేసే సోడాయే లావెండర్‌లోని తియ్యటి భాగాన్నీ విరగ్గొడుతుంది. అందుకే లావెండర్ సబ్బు ఆరాక పలచబడి, మందు వాసన మిగులుతుంది. కంపెనీలవాళ్లకి ఈ బాధ లేదు. సబ్బు పూర్తిగా తయారై, ఆరి, తురుము అయ్యాక పరిమళం కలిపి మరలో నూరతారు. మనింట్లో దానికి దగ్గరి దారి ఉడికించే పద్ధతి. సబ్బు ఉడికి, సోడా అంతా కలిసిపోయి, వేడి 70 డిగ్రీలకి దిగాక తైలం కలుపు. తక్కువ నూనెతో ఎక్కువ వాసన వస్తుంది. సబ్బు మాత్రం కాస్త గరుకుగా కనిపిస్తుంది. లావెండర్ మీద నీకంత ఇష్టమైతే అలా చేసుకో. నిమ్మగడ్డి అలా కాదు, చల్లటి పద్ధతిలోనూ బాగా నిలుస్తుంది. సబ్బుకి పసుపు ఛాయ ఇస్తుంది, అది అందమే.

ఇక నీ సబ్బుల్లో ఒకదాని మూలన తుప్పురంగు చుక్క చూశాను. దాని దగ్గర ముక్కు పెడితే పాత జంతికల డబ్బా వాసన. ఎన్ని మంచి తైలాలు వేసినా పాడైన నూనె వాసన ముందు ఆగవు. కారణం, సగానికి సగం పత్తిగింజల నూనె వేశావు. మన గుంటూరు మిల్లుల సరుకు, తేలిగ్గా దొరుకుతుంది, నురగ మెత్తగా ఉంటుంది, నాకూ ఇష్టమే. కానీ అందులో సగం లినోలిక్ ఆమ్లం, గాలి తగిలితే త్వరగా పాడవుతుంది. వందకి ఇరవై దాటనివ్వకు. రిఫైన్డే తీసుకో, ఆ వారం కొన్న ప్యాకెట్టే వాడు. ఆరబెట్టేది ఇనుప జల్లెడ మీద అయితే మార్చెయ్యి, ఇనుము తగిలిన చోటే ఆ చుక్కలు ముందు పుడతాయి. వెదురు తడిక చాలు.

కొలతలు ఇలా పెట్టుకో. కొబ్బరినూనె 300 గ్రాములు, పామాయిల్ 400, పత్తిగింజల నూనె 200, ఆముదం 100. కాస్టిక్ సోడా 144 గ్రాములు, నీళ్లు 288. అన్నీ కాటా మీదే తూచు. ప్యాకెట్ మీద లీటరు అని ఉన్నా లోపల 910 గ్రాములే ఉంటాయి, కొన్నిట్లో ఇంకా తక్కువ. సోడాని నీళ్లలో వెయ్యాలి, నీళ్లు సోడా మీద పొయ్యకూడదు. సత్తు గిన్నె దగ్గరికి రానివ్వకు, కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా మొదలుపెట్టకు. ఈ మాట ప్రతి ఉత్తరంలోనూ రాస్తాను.

తైలాలు నిమ్మగడ్డి 13 గ్రాములు, కమలా 6, పచోలీ 6, నాగర్‌మోతా 3, లవంగ నూనె 2. లవంగం అంతకన్నా పెంచకు. ఒంటికి మంట పుట్టిస్తుంది, పైగా మిశ్రమాన్ని ఉన్నట్టుండి గట్టిపరుస్తుంది. ముందురోజు రాత్రే వీటిని కలిపి, రెండు చెంచాల ముల్తానీ మట్టిలో నాననివ్వు. మట్టి కొంత పట్టి ఉంచుతుంది, అద్భుతాలేమీ చెయ్యదు. సాంబ్రాణి కలపొచ్చా అని అడిగావు. అసలు సాంబ్రాణి వాసనలకి మంచి పట్టే గానీ, కిరాణా కొట్లో దొరికే దాంట్లో గుగ్గిలం ఎంతో సాంబ్రాణి ఎంతో తెలీదు. ఊరుకో.

నూనెలూ సోడా నీళ్లూ 35, 40 డిగ్రీల మధ్యకి వచ్చాక కలుపు. గరిటె జాడ పైన సన్నగా నిలవగానే తైలం పోసి, రెండు తిప్పులు తిప్పి అచ్చులోకి వంచెయ్యి. దుప్పటి కప్పకు. లోపల వేడెక్కితే తేలిక వాసనలు అక్కడే సగం పోతాయి. అందుకే మే నెలలో ఈ పని వద్దు. దీపావళి వెళ్లాక చల్లటి పొద్దుల్లో పోస్తే, సంక్రాంతికల్లా ఆరు వారాలు ఆరి సిద్ధమవుతాయి. ఆ తర్వాత మీ పర్చూరు ఇంట్లో మిరపకాయ బస్తాలు దిగడం మొదలవుతుంది కదా. ఆ మిరప దుమ్ము గాలిలో లేచి తడిసబ్బు మీద వాలితే, ముఖం కడుక్కున్నవాళ్ల కళ్లు ఏమైపోతాయో చెప్పక్కర్లేదు. సబ్బులు ఆరే గదిలోకి మిరప రానివ్వొద్దని మీ నాన్నకి నా మాటగా చెప్పు.

ఆరేటప్పుడు గాలి కావాలి, ఎండ వద్దు. ఆరు వారాలయ్యాక గాలీ వద్దు. బటర్ పేపర్లో చుట్టి అట్టపెట్టెలో పెట్టు. చుట్టేముందు చాకుతో ఒక పక్క సన్నగా గీసి వాసన చూడు. పై పొర ఆరిపోయి వాసన లేనట్టు అనిపిస్తుంది గానీ లోపల ఉంటుంది, నీళ్లు తగలగానే బయటపడుతుంది. నీ ముక్కుని నమ్మకు, పొద్దస్తమానం ఆ నూనెల మధ్యే ఉంటావు. ఇంటికొచ్చిన వాళ్లకి ఇచ్చి చేతులు కడుక్కోమను, వాళ్లేమన్నారో రాసుకో.

గృహప్రవేశాలకి రిటర్న్ గిఫ్టులుగా అమ్ముతానన్నావు. అమ్మకమంటే 2020 కాస్మెటిక్స్ రూల్స్ కింద తయారీ లైసెన్సు తీసుకోవాలి, అది తేలాకే బయానా పుచ్చుకో. ఇంకొకటి. సింథటిక్ పరిమళం తక్కువకి వస్తుంది, ఎక్కువ రోజులు ఉంటుంది, వాడితే తప్పేమీ లేదు. దాన్ని వేసి చీటీ మీద ఎసెన్షియల్ ఆయిల్ అని మాత్రం రాయకు. కొన్నవాళ్లు మనల్ని నమ్మి ఒంటికి రుద్దుకుంటారు.

మీ బాబాయి చేతికిచ్చి పచోలీ, నాగర్‌మోతా చిన్న సీసాలు పంపుతున్నాను. అచ్చు పోశాక ఒక ముక్క మీద తేదీ గీసి నాకు పంపు, నెలనెలా ఇక్కడ కడిగి చూసి రాస్తాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ