పడక పుండ్లను ఆపే చిన్న పరికరం

పక్షవాతంతో మంచం పట్టిన వారు ఒకే పక్కన ఉండిపోతే నడుము కింద, తుంటి, మడమల దగ్గర చర్మం ఎముకకూ పరుపుకూ మధ్య నలిగి, రక్తప్రసరణ తగ్గి పుండు పడుతుంది. నొక్కినా పోని ఎరుపు దీనికి మొదటి గుర్తు.

అందుకే సాధారణంగా 2 గంటలకొకసారి పక్క మారుస్తాము. ఇప్పుడు రోగి ఛాతీకి అంటించే సెన్సర్లు వచ్చాయి. రోగి వెల్లకిలా ఉన్నదీ, ఏ పక్కకు తిరిగి ఉన్నదీ ఇవి గుర్తిస్తాయి. గడువు దాటితే నర్సులకు కంప్యూటర్ తెరపై తెలియజేస్తాయి. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో ఐ.సి.యు. రోగులు 1,312 మందిపై జరిపి 2018లో ప్రచురించిన పరిశీలనలో, ఈ హెచ్చరికలు అందిన వర్గంలో 5గురికి, అందని వర్గంలో 15 మందికి పుండ్లు పడ్డాయి.

అయితే పరికరం గుర్తు చేస్తుందే గాని రోగిని తిప్పదు. ఇంట్లో ఇలా చేయండి:

1. "10 గంటలకు కుడి, 12కు వెల్లకిలా, 2కు ఎడమ" అని కాగితంపై రాసి గోడకు అంటించండి. తిప్పిన ప్రతిసారీ టిక్కు పెట్టండి.
2. పక్కకు తిప్పినప్పుడు వీపు వెనుక దిండు ఉంచండి.
3. వెల్లకిలా ఉన్నప్పుడు పిక్కల కింద దిండు పెట్టి మడమలు పరుపుకు తగలకుండా చూడండి.
4. ఎర్రబడిన చోట రుద్దవద్దు. వెంటనే ఆసుపత్రిలో చూపించండి.

రాత్రివేళ లేచి సేవ చేసే మీ చేతులను ప్రభువు బలపరచును గాక.