నాయక, సేనాని శబ్దాలు: సైనిక పదవీక్రమంలో అర్థపరిణామం

సేనలో పదవిని తెలిపే సాధనాలు రెండు. ఒకటి నామం, రెండవది చిహ్నం. నామార్థాన్ని వ్యుత్పత్తిని బట్టి, చిహ్నార్థాన్ని ఆకృతిని బట్టి గ్రహించుట సహజం. కాని ఈ రెండింటిలో ఏదియు తనంతట తాను పదవి యొక్క స్థాయిని తెలుపజాలదు. దానికి పైన ఉన్నదేది, కింద ఉన్నదేది అను క్రమమే స్థాయిని నిర్ణయించును. ప్రాచీన గ్రంథాలను, శాసనాలను పరిశీలించువారు ఈ విషయాన్ని ఉపేక్షించినచో మహాసైన్యానికి అధిపతియైనవాడు చిన్న దళానికి పెద్దగా, చిన్న దళానికి పెద్దయైనవాడు సర్వసైన్యాధ్యక్షుడుగా కనిపించు ప్రమాదం కలదు.

ఇందుకు కౌటిలీయ అర్థశాస్త్రమే మంచి ఉదాహరణం. పదవదైన సాంగ్రామికాధికరణంలో పది సేనాంగాలకు ఒక పదికుడు, పదిమంది పదికులకు ఒక సేనాపతి, పదిమంది సేనాపతులకు ఒక నాయకుడు అని క్రమం చెప్పబడినది. వాద్యఘోషాలతోను, ధ్వజపతాకాలతోను వ్యూహాంగాలకు సంకేతాలను ఏర్పరచవలసినవాడు నాయకుడే. దీనిని బట్టి నాయకుడు సేనాపతి కంటె పెద్ద. కాని ఐదవ అధికరణంలోని భృత్యభరణీయ ప్రకరణంలో సేనాపతికి మంత్రి, పురోహిత, యువరాజులతో సమానంగా 48,000 పణాలు, నాయకునికి 12,000 పణాలు వేతనంగా విధింపబడినవి. ఇక్కడ సేనాపతియే పెద్ద, అదియు నాలుగు రెట్లు. రెండవ అధికరణంలో సైతం చతురంగబలాన్ని నడపువాడుగా సేనాపతియే కనిపించును.

ఈ భేదాన్ని లేఖకప్రమాదంగా తోసివేయుట కంటె సందర్భభేదంగా గ్రహించుట సమంజసం. వేతనపట్టికలోని సేనాపతి రాజాస్థానంలోని మహాధికారి. సాంగ్రామికంలోని సేనాపతి రణరంగాన దశకక్రమంలో నిలిచిన మధ్యశ్రేణి అధికారి. శబ్దం ఒక్కటే, స్థానాలు రెండు. కనుక రెండు చోట్లను ఒకే పదంతో అనువదించినచో పాఠకుడు పొరబడక తప్పదు.

మహాభారతం ఉద్యోగపర్వంలో భీష్ముడు ఉభయసేనలలోని యోధులను రథులుగా, మహారథులుగా, అతిరథులుగా లెక్కించినాడు. కర్ణుని అర్ధరథునిగా పేర్కొనగా అతనికి తీవ్రమైన కోపం కలిగినది. ఈ సంజ్ఞలు పరాక్రమాన్ని కొలుచునవే గాని పదవులను తెలుపునవి కావు. అర్ధరథుడనిపించుకొన్న ఆ కర్ణుడే ద్రోణుని అనంతరం కౌరవసేనాపతి అయినాడు. ఇవే శబ్దాలు నేటి నేపాల సైన్యంలో నియతమైన పదవీనామాలుగా ఉన్నవి. అక్కడ మహారథి అనగా జనరల్, రథి అనగా లెఫ్టినెంట్ జనరల్. సేనాని అనగా మేజర్ మాత్రమే. భగవద్గీత పదవ అధ్యాయంలో సేనానులలో శ్రేష్ఠుడుగా స్కందుడు పేర్కొనబడుటను ఎరిగిన పాఠకునికి ఈ స్థాయి ఆశ్చర్యం కలిగించును.

తెలుగుదేశంలో ఈ శబ్దాల చరిత్ర మరింత గమనింపదగినది. కాకతీయ గణపతిదేవుని కాలంలో నృత్తరత్నావళిని రచించిన జాయప సేనాని గజసాహిణి, అనగా గజబలానికి అధిపతి. రామప్ప దేవాలయాన్ని నిర్మింపజేసిన రేచర్ల రుద్రుడును ఆ రాజు సేనానులలో ఒకడు. నాయంకర విధానంలో నాయకుడు రాజు ఒసగిన భూమిని అనుభవించుచు, అందుకు ప్రతిగా సైన్యాన్ని పోషించి అవసరమైనప్పుడు సమకూర్చువాడు. విజయనగర కాలంలో అమరనాయకులు ఇట్టివారే. అటువంటి నాయక శబ్దం ఆంగ్లేయుల భారతసైన్యంలో నాయక్ రూపంలో కార్పొరల్‌కు సమానమైన పదవికి పేరైనది. నేటి భారతసైన్యంలోను నాయక్ చొక్కాచేతిపై రెండు కోణాకారపు చారలు ధరించును. అతని పైన మూడు చారల హవల్దారు ఉండును.

సుబేదారు శబ్దం గతియు ఇట్టిదే. మొగలుల కాలంలో సుబేదారు ఒక సుబాను పాలించు అధికారి. 1724లో దక్కనులో స్వతంత్రపాలన నెలకొల్పిన నిజాం ఉల్ ముల్క్ అంతకుముందు ఆ పదవిని నిర్వహించినవాడే. నేడు సుబేదారు జూనియర్ కమిషన్డ్ అధికారి. రాజ్యాధికారం చేతులు మారినప్పుడు పాత పాలకుల ఉన్నతపదవీనామాలు కొత్త పాలకుల సైన్యంలో కింది శ్రేణులకు దిగినట్లు ఈ రెండు ఉదాహరణాల వల్ల స్పష్టమగును.

పాశ్చాత్యభాషలలోను ఇట్టి వైచిత్రి కలదు. శిరస్సు అను అర్థం గల లాటిన్ శబ్దం నుండి పుట్టిన కెప్టెన్ పదం పదాతిసైన్యంలో మేజర్‌కు కింది పదవిని, నౌకాదళంలో కర్నల్‌కు సమానమైన పదవిని తెలుపును. మేజర్ లెఫ్టినెంట్ కంటె పెద్దవాడైనను, మేజర్ జనరల్ లెఫ్టినెంట్ జనరల్ కంటె చిన్నవాడు. పూర్వం సార్జెంట్ మేజర్ జనరల్ అను దీర్ఘనామం నుండి మొదటి పదం లోపించుటయే దీనికి కారణం.

చిహ్నాల విషయం వేరు కాదు. 1950 జనవరి 26న భారతదేశం గణతంత్రమైనప్పుడు అధికారుల భుజాలపై బ్రిటిష్ కిరీటానికి బదులు అశోకుని సింహశీర్షం నిలిచినది. పాకిస్తాన్ సైన్యంలో ఆ స్థానాన్ని నెలవంక, నక్షత్రం ఆక్రమించినవి. చిహ్నం మారినను మేజర్ మేజర్‌గానే ఉన్నాడు. ఇందుకు విపర్యయంగా, ఒకే చిహ్నం వేర్వేరు దేశాలలో వేర్వేరు పదవులను తెలుపును. భుజంపై రెండు నక్షత్రాలు భారతసైన్యంలో లెఫ్టినెంట్‌కు గుర్తు, అమెరికా సైన్యంలో మేజర్ జనరల్‌కు గుర్తు. మూడు నక్షత్రాలవాడు ఇక్కడ కెప్టెన్, అక్కడ లెఫ్టినెంట్ జనరల్. అమెరికాలో బంగారు రంగు ఓక్ ఆకు మేజర్‌ది, వెండి రంగు ఆకు అతని కంటె పైవాడైన లెఫ్టినెంట్ కర్నల్‌ది. లోహం విలువను బట్టి ఊహించినవాడు ఇక్కడ పొరబడును.

కావున శాసనాలలో గాని, కావ్యాలలో గాని సైనికపదవీనామం కనిపించినప్పుడు నిఘంటువులోని అర్థంతో తృప్తి చెందరాదు. అతడు ఎవరి ఆజ్ఞకు లోబడినవాడు, ఎవరిని ఆజ్ఞాపింపగలవాడు, అతని జీవితం ఎట్లు జరిగినది అను మూడు ప్రశ్నలకు ఆ పాఠంలోనే సమాధానం వెదకవలెను. సమాధానం లభింపనిచో మూలపదాన్ని యథాతథంగా నిలుపుట మేలు. తెలియని స్థాయిని ఊహించి ఆధునికపదవితో సమీకరించుట కంటె అదియే శాస్త్రీయమైన మార్గం.