మందు అన్న మాటకు రెండర్థాలు

సాయంకాలవేళ గాజువాక కూడలిలో నిలబడి చూస్తే రెండు రకాల దుకాణాల ముందు జనం కనబడతారు. ఒకచోట చీటీ చూపి జ్వరానికో, దగ్గుకో మందు కొంటారు. మరొకచోట చీటీ లేకుండానే ‘మందు’ కొంటారు. ప్రాణం నిలిపేదానికీ, మత్తు కలిగించేదానికీ వాడుకభాష ఒకే పేరు పెట్టింది. పరిహాసంగా తోచినా ఇందులో కొంత నిజం లేకపోలేదు.

సూది వేసే ముందు నర్సు దూదితో అద్దే స్పిరిట్‌లో ఉన్నది ఆల్కహాలే. అది సూక్ష్మజీవుల మాంసకృత్తులను చెడగొట్టి వాటిని చంపుతుంది. విచిత్రమేమంటే, ఈ పనికి శుద్ధమైన ఆల్కహాలు కన్న నీరు కలిపిన 70 శాతం ద్రావణమే మేలు. నీరు లేనిదే ఆ చర్య సరిగా సాగదు. ద్రాక్షారిష్టం వంటి ఆయుర్వేద ఔషధాలలోనూ పులియడం వల్ల పుట్టిన ఆల్కహాలు కొంత ఉంటుంది.

కల్తీసారా తాగినవారి చికిత్సలో మరొక వింత ఉంది. అందులోని మిథైల్ ఆల్కహాలు కాలేయంలో ఫార్మిక్ ఆమ్లంగా మారి కంటినరాన్ని దెబ్బతీస్తుంది. ఆ మార్పును ఆరంభించే ఎంజైము ఇథైల్ ఆల్కహాలు దొరికితే ముందు దానినే అందుకుంటుంది. అందుచేత ఫోమెపిజోల్ అనే విరుగుడు లభించనిచోట వైద్యులు ఇథైల్ ఆల్కహాలునే కొలత ప్రకారం ఇస్తారు. ఇది ఆసుపత్రిలో, రక్తపరీక్షల నడుమ జరుగవలసిన చికిత్స, ఇంటివైద్యం కాదు.

చేతులకు రాసుకొనేది కడుపులోకి పోతే ఏమవుతుందో 2020 జూలై నెలాఖరున నాటి ప్రకాశం జిల్లా కురిచేడులో చూశాం. కరోనా కట్టడిలో మద్యం దుకాణాలు మూతపడగా, శానిటైజరు తాగి పదిమందికి పైగా మరణించారు.

జలుబు చేసిన పసివానికి చెంచాడు బ్రాందీ పట్టే అలవాటు కొన్ని ఇళ్ళలో ఉంది. మద్యం చర్మంలోని రక్తనాళాలను వ్యాకోచింపజేస్తుంది. వెచ్చగా తోస్తుంది గాని, నిజానికి శరీరం వేడిని కోల్పోతుంది. పసివారి విషయంలో ఇది కేవలం అపాయం.

గాజువాక పరిసరాలలో ఉక్కు కర్మాగారపు కార్మికులు అనేకులు నివసిస్తున్నారు. బ్లాస్ట్ ఫర్నేసు చెంత ఎనిమిది గంటలు చెమటోడ్చినవాని దేహానికి కావలసినది నీరు. మద్యమో, మూత్రాన్ని అదుపు చేసే హార్మోనును తగ్గించి ఉన్న నీటినీ వెళ్ళగొడుతుంది. అలసట తీరిందనుకొన్నవాడు మరునాటి షిఫ్టుకు మరింత ఎండిన దేహంతో, కలతనిద్రతో వెళతాడు. కరిగిన ఇనుము దగ్గర క్షణమాత్రపు ఏమరుపాటు చాలు.

కాలేయం మద్యాన్ని మొదట ఎసిటాల్డిహైడ్‌గా మారుస్తుంది. అది విషం. ఏళ్ళ తరబడి తాగితే కాలేయంలో కొవ్వు చేరి, వాచి, చివరకు గట్టిపడుతుంది. ఆ చివరి దశే సిర్రోసిస్. తొలిదశలో మానితే కాలేయం చాలావరకు కోలుకుంటుంది. మద్య పానీయాలు క్యాన్సరు కారకాలని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే వర్గీకరించింది. ఎంత తక్కువైనా సురక్షితమనదగిన మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించింది.

మానడంలోనూ జాగ్రత్త అవసరం. చాలాకాలం విపరీతంగా తాగినవాడు హఠాత్తుగా ఆపితే వణుకు, మూర్ఛ, మతిభ్రమ కలుగవచ్చు. ఒక్కొక్కప్పుడు ప్రాణాపాయమూ సంభవిస్తుంది. ఇంటివారు దానిని దయ్యం పట్టిందనుకొని కాలయాపన చేయరాదు. వైద్యులు ఉపశమన ఔషధాలతో, బి1 విటమినుతో ఆ కొద్దిరోజులూ గట్టెక్కిస్తారు.