మన పిల్లల చేతికి ఏ పుస్తకం ఇద్దాం?



బారువలో ఒక ఇంటిని ఊహించుకోండి. తండ్రి చేపల వేట పనికి గుజరాత్‌లోని వెరావల్ రేవుకు వెళ్ళాడు. నెలల తరబడి ఇంటికి రాడు. తల్లి పొద్దంతా కొబ్బరి తోటలో కూలికి వెళ్ళి వస్తుంది. కొడుకు ఏడో తరగతి. రాత్రి కుటుంబ ప్రార్థన ముగిశాక వాడు ఒక నవల తెరిచి కూర్చుంటే తల్లి ఏమంటుంది? “కతల పుస్తకం ఏటిరా? పాఠం సదువుకో!” అంటుంది.

ఆ మాటలో ప్రేమ ఉంది, భయమూ ఉంది. చదువు ఒక్కటే బిడ్డను గట్టెక్కిస్తుందని ఆమె నమ్మకం. ఆ నమ్మకం సరైనదే. అయితే ఆ నమ్మకమే నవలను కూడా కోరుతుందని ఈ వారం మీతో చెప్పదలచాను.

పాఠ్యపుస్తకంలో పాఠాలు చిన్న చిన్న ముక్కలుగా ఉంటాయి. ప్రశ్నకు జవాబు దొరకగానే పిల్లవాడు పుస్తకం మూసేస్తాడు. నూరు పేజీల కథను చివరిదాకా పట్టుకుని వెళ్ళే ఓపిక అక్కడ అలవడదు. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు ఆ ఓపిక నేర్చుకోవలసిన వయసు. ఆ వయసు దాటిపోతే పెద్ద పుస్తకం అంటేనే బెదురు పుడుతుంది. కొబ్బరి మొక్క నాటిన ఏడాదికే కాయదని ఉద్దానం వారికి ఒకరు చెప్పనక్కరలేదు. చదివే అలవాటు కూడా అంతే.

ఏ తరగతికి ఏ పుస్తకం?

ఆరో తరగతి పిల్లలకు నవ్వించే పుస్తకంతో మొదలుపెట్టండి. ముళ్ళపూడి వెంకటరమణ గారి “బుడుగు”, బాపు గారి బొమ్మలతో, ఇందుకు చక్కగా సరిపోతుంది. అందులో పిల్లవాడు పుస్తకాల భాషలో కాక తన నోటి భాషలో మాట్లాడతాడు. మన పిల్లలు “ఏటి”, “ఎల్లిపోనాడు” అంటే వెక్కిరించకండి. జనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లో ఉండాలని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు 1863లో పుట్టింది మన శ్రీకాకుళం ప్రాంతంలోనే.

ఆ తరువాత “రైలుబడి”. ఇది నవల కాదు, జపాన్ దేశపు తెత్సుకో కురోయానాగి తన బాల్యం గురించి రాసుకున్న పుస్తకం. 1981లో అక్కడ వెలువడింది. అల్లరి పిల్ల అని మొదటి బడి వారు పంపేసిన తొత్తోచాన్, పాత రైలు పెట్టెలను తరగతి గదులుగా చేసుకున్న మరో బడిలో చేరుతుంది. అక్కడి ప్రధానోపాధ్యాయులు మొదటి రోజు ఆ పిల్ల చెప్పే కబుర్లన్నీ గంటల తరబడి వింటారు. మధ్యాహ్న భోజనంలో సముద్రం నుంచి ఒకటి, కొండ నుంచి ఒకటి తెచ్చుకోవాలన్నది ఆ బడి పద్ధతి. ఒకవైపు సముద్రం, మరోవైపు మహేంద్రగిరి ఉన్న మన పిల్లలకు ఆ భోజనం సంగతి వెంటనే అర్థమవుతుంది.

ఏడో తరగతికి సాహస కథలు కావాలి. 1947 జూలైలో మొదలైన “చందమామ”లో దాసరి సుబ్రహ్మణ్యం గారు “తోకచుక్క”, “మకరదేవత”, “కంచుకోట”, “పాతాళదుర్గం” వంటి ధారావాహికలు రాశారు. ఆ రోజుల్లో పత్రికలో ఆయన పేరు కూడా ఉండేది కాదు. చందమామ ఆగిపోయినా ఆ నవలలు తరువాత పుస్తకాలుగా వచ్చాయి. అలాగే నండూరి రామమోహనరావు గారు తెలుగు చేసిన “కాంచన ద్వీపం”, “టామ్ సాయర్”, “రాజూ పేద” ఉన్నాయి. “కాంచన ద్వీపం”లో జిమ్ అనే కుర్రవాడు ఓడలో ఆపిల్ పళ్ళ పీపాలో దాక్కుని దొంగల కుట్ర వింటాడు. పడవలెరిగిన బారువ పిల్లలు ఆ ఘట్టం దగ్గర పుస్తకం కింద పెట్టరు. “రాజూ పేద”లో యువరాజు, పేదవాడు బట్టలు మార్చుకుంటారు. చిరిగిన బట్టల్లో ఉన్న యువరాజును ఎవరూ నమ్మరు. మనిషిని బట్టలతో కొలవడం ఎంత తప్పో ఏ ఉపన్యాసమూ లేకుండా పిల్లలకు తెలిసిపోతుంది.

ఎనిమిదో తరగతికి “హకల్‌బెరీ ఫిన్” ఇవ్వవచ్చు. బాగా చదివే పిల్లలైతే డాక్టర్ కేశవరెడ్డి గారి “అతడు అడవిని జయించాడు” కూడా చదవగలరు. తప్పిపోయిన పందిని వెతుకుతూ ఒక ముసలివాడు రాత్రివేళ ఒంటరిగా అడవిలోకి వెళ్ళే కథ అది. చిన్న నవలే గాని ముగింపు బరువుగా ఉంటుంది. అందుచేత ముందు మీరు చదివి, తరువాత ఇవ్వండి. బానిసత్వపు ఘోరాలు చెప్పే “ఏడు తరాలు” మాత్రం తొమ్మిదో తరగతి దాకా ఆగవచ్చు.

కష్టమైన సంగతులు ఉంటే?

“కథలో చావు ఉంది, దొంగతనం ఉంది, పిల్లలు చెడిపోరా?” అని కొందరు అడుగుతారు. చెడును మెచ్చుకునే పుస్తకం వేరు, చెడును చూపించే పుస్తకం వేరు. మొదటిది పక్కన పెట్టండి. రెండవదాన్ని కలిసి చదవండి.

హకల్‌బెరీ ఫిన్ కథనే తీసుకుందాం. పారిపోయిన బానిసకు సహాయం చేయడం పాపమని ఆ కుర్రవాడికి చిన్ననాటి నుంచి నేర్పారు. స్నేహితుడైన జిమ్‌ను పట్టిస్తూ అతడు ఒక ఉత్తరం రాస్తాడు. తరువాత జిమ్ మంచితనం గుర్తుకొచ్చి, తాను నరకానికి పోయినా ఫరవాలేదనుకుని ఆ ఉత్తరం చింపేస్తాడు. ఈ మాట చదివి కతోలిక తల్లిదండ్రులు ఉలిక్కిపడవచ్చు. పుస్తకం లాక్కోవద్దు. “వాడు చేసింది పాపమా? పాపమని వాడికి ఎవరు నేర్పారు? నేర్పినవారు పొరబడితే?” అని అడగండి. మనస్సాక్షికి సరైన శిక్షణ కావాలని శ్రీసభ బోధిస్తుంది. ఆ బోధ పిల్లలకు ఇంతకంటె స్పష్టంగా తెలిసే చోటు అరుదు. ఆ పుస్తకంలో నల్లజాతి వారిని కించపరిచే మాటలు ఉంటాయి. అవి ఎందుకు తప్పో, మన ఊళ్ళో కులం పేరుతో అనే మాటలు కూడా ఎందుకు తప్పో అప్పుడే చెప్పండి.

“రైలుబడి” చివర యుద్ధంలో బాంబులు పడి బడి కాలిపోతుంది. ఆ మంటలు చూస్తూనే ప్రధానోపాధ్యాయులు ఈసారి ఎలాంటి బడి కడదామా అని ఆలోచిస్తారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. అప్పుడు చిన్నపిల్లలుగా ఉన్నవారు పెద్దల ముఖాలు చూశారే గాని, దాని గురించి మాట్లాడే అవకాశం చాలామందికి దొరకలేదు. ఈ కథ వారికి ఆ అవకాశం ఇస్తుంది.

తల్లికి చదువు రాకపోతే?

అయినా ఆమెకు ఇందులో పెద్ద పని ఉంది. బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని రోజుకు పావుగంట బయటకు చదివించుకోవాలి. వంట చేస్తూ, చేపలు శుభ్రం చేస్తూ కూడా వినవచ్చు. అర్థం కాకపోతే “అదేటో మళ్ళీ సెప్పు” అనాలి. తల్లికి చెప్పడం కోసం బిడ్డ మరింత శ్రద్ధగా చదువుతాడు. కథ మంచిదో కాదో చెప్పడానికి జీవితం ఎరిగిన ఆ తల్లికి అక్షరాలు రానవసరం లేదు.

ఇంకో మూడు సూచనలు గుర్తుంచుకోండి.

1. పుస్తకం ఇచ్చే ముందు ఒక పేజీ చదివించండి. అయిదారు మాటలకు మించి తెలియకపోతే ఆ పుస్తకం కొన్నాళ్ళు ఆగాలి.

2. చదివాక పరీక్ష పెట్టకండి. “నీకు ఎవరు నచ్చారు? ఎందుకు?” అంటే చాలు.

3. సగంలో వదిలేస్తే తిట్టకండి. మరో పుస్తకం ఇవ్వండి.

విచారణలో చేయదగినది

ప్రతి ఇల్లూ ఇన్ని పుస్తకాలు కొనలేదు. విచారణలో ఒక బీరువా చాలు. పదిహేను కుటుంబాలు ఒక్కొక్క పుస్తకం కొంటే పదిహేను పుస్తకాలవుతాయి. ఆదివారం పూజ తరువాత సత్యోపదేశం తరగతికి వచ్చే పిల్లలే వాటిని ఇచ్చి పుచ్చుకోవచ్చు. ఒక నోటుబుక్కులో పేరు, తేదీ రాసే బాధ్యత ఎనిమిదో తరగతి పిల్లలకు అప్పగించండి. శ్రీకాకుళం వెళ్ళినప్పుడు కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో నెలకొల్పిన కథానిలయాన్ని పిల్లలకు చూపించండి. కథలను దాచడం కోసమే ఒక మేడ ఉందని చూస్తే కథల మీద వారికి గౌరవం కలుగుతుంది.

క్రీస్తు ప్రభువు గలిలయ సరస్సు ఒడ్డున జాలరులకు, రైతులకు కథలతోనే బోధించాడు. కథ వినడం కాలం వృథా చేయడమని ఆయన అనుకోలేదు.

ఇంట్లో మాట్లాడుకోండి:

1. మా ఇంట్లో పాఠ్యపుస్తకం కాని పుస్తకాలు ఎన్ని ఉన్నాయి?

2. మా పిల్లలు చివరిసారి మాకు ఒక కథను పూర్తిగా చెప్పింది ఎప్పుడు?

3. ఈ ఆదివారంలోగా ఏ ఒక్క పుస్తకం తెచ్చుకుందాం?

దూరాన వేటలో ఉన్న తండ్రి ఫోను చేసినప్పుడు “మార్కులెన్ని?” అన్న ఒక్క ప్రశ్నతో ఆగకూడదు. “కత ఎక్కడి దాకా వచ్చింది?” అని కూడా అడిగితే, ఆ రాత్రి ఆ ఇంట్లో పుస్తకం మళ్ళీ తెరుచుకుంటుంది.