తుప్పును కొలిచేవారికి కొలువు

రేపల్లె నుంచి నిజాంపట్నం వెళ్లే దారిలో రొయ్యల చెరువు గట్టున ఏరేటర్ కనిపిస్తే దగ్గరికెళ్లి చూడండి. స్టెయిన్‌లెస్ స్టీలు భాగాలు పైకి మెరుస్తూనే ఉంటాయి. బోల్టు తల కింద, వాషర్ అంచున మాత్రం గుంటలు పడుతుంటాయి. ఈ స్టీలును కాపాడేది దానిమీద తనంతట తానే కట్టే క్రోమియం ఆక్సైడ్ పొర. మందం కొద్ది నానోమీటర్లే. ఇరుకు సందులో ఆక్సిజన్ అందక, ఉప్పునీటి క్లోరైడ్ పేరుకుని పొర తెగుతుంది. ఆ సందులో తెగినచోట మళ్లీ కట్టదు. ఆ పొరను నిలబెట్టే విద్య నేర్చినవారికి పరిశోధనలోనూ, పరిశ్రమలోనూ దారులున్నాయి.

సబ్జెక్టులో ఏముంది?

మామూలు లోహంలో చిన్నచిన్న స్ఫటికాలు, అంటే గ్రెయిన్లు ఉంటాయి. వాటి సరిహద్దులు తుప్పుకు బలహీన స్థానాలు. కరిగిన మిశ్రమ లోహాన్ని సెకనుకు సుమారు పది లక్షల డిగ్రీల వేగంతో చల్లారిస్తే పరమాణువులు వరుసలో సర్దుకునే వ్యవధే ఉండదు. అలా గ్రెయిన్లు లేని అమార్ఫస్ లోహం తయారవుతుంది. 1960లో అమెరికాలోని కాల్టెక్‌లో పోల్ డ్యూవెజ్ బృందం బంగారం-సిలికాన్ మిశ్రమంతో దీన్ని సాధించింది. 1974లో జపాన్‌లోని తొహోకు విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇనుము, క్రోమియం, ఫాస్ఫరస్, కార్బన్ కలిసిన అమార్ఫస్ మిశ్రమాలు తుప్పును అసాధారణంగా తట్టుకుంటాయని చూపారు. సరిహద్దులు లేకపోవడం ఒక కారణం. ఫాస్ఫరస్ తోడ్పాటుతో క్రోమియం పొర చకచకా కట్టడం మరో కారణం.

నానోక్రిస్టలైన్ లోహాల దగ్గరే తిరకాసు. వీటిలో గ్రెయిన్ సైజు 100 నానోమీటర్ల లోపు, సరిహద్దులు లెక్కలేనన్ని. మిశ్రమంలో క్రోమియం ఉంటే వాటి వెంట త్వరగా పైకి చేరి నిండైన పొర కడుతుంది. కాపాడే పొర కట్టని లోహమైతే అవే సరిహద్దులు తుప్పుకు దారులవుతాయి. పైగా వేడికి గ్రెయిన్లు పెరిగిపోతాయి. అందుకే ‘నానో’ పేరు చూసి మోజుపడొద్దు. ఈ తేడాను సూటిగా వివరించగలిగితే ఇంటర్వ్యూలో సగం గట్టెక్కినట్టే.

ఎక్కడ చదవాలి?

- పదో తరగతి మార్కులతో: నూజివీడు ట్రిపుల్ ఐటీలో మెటలర్జికల్ అండ్ మెటీరియల్స్ ఇంజినీరింగ్.
- ఇంటర్ ఎంపీసీతో: ఈఏపీసెట్ ద్వారా ఆంధ్ర విశ్వవిద్యాలయం, జేఈఈ మెయిన్ ద్వారా వరంగల్, తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీలు, జేఈఈ అడ్వాన్స్‌డ్ ద్వారా ఐఐటీ హైదరాబాద్.
- తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో బీఎస్సీ ఫిజిక్స్, కెమిస్ట్రీ చదివేవారు: జామ్ రాసి ఐఐటీల్లో ఎమ్మెస్సీ చేయొచ్చు. ఆపై గేట్ ఎక్స్ఈ పేపర్లో మెటీరియల్స్ సైన్స్ ఎంచుకోవచ్చు, లేదా సీఎస్ఐఆర్ నెట్ రాయొచ్చు. జేఆర్‌ఎఫ్ వస్తే 2023 నుంచి అమల్లో ఉన్న రేటు ప్రకారం నెలకు రూ.37,000 ఫెలోషిప్.

ఈ రంగంలో తెలుగువారి పేర్లకు కొదవ లేదు. 2019లో ఐఐటీ హైదరాబాద్ డైరెక్టర్‌గా వచ్చిన బి.ఎస్.మూర్తి నానోక్రిస్టలైన్ లోహాలపైనా, పలు లోహాలను దాదాపు సమపాళ్లలో కలిపే హై ఎంట్రోపీ మిశ్రమాలపైనా పనిచేశారు; 2007లో భట్నాగర్ పురస్కారం అందుకున్నారు. చల్లపల్లి సూర్యనారాయణ జపాన్ శాస్త్రవేత్త ఇనోవేతో కలిసి అమార్ఫస్ లోహాలపై రాసిన ‘బల్క్ మెటాలిక్ గ్లాసెస్’ పీజీ విద్యార్థులు చదవదగ్గ పుస్తకం.

ఉద్యోగాలు ఎక్కడ?

కొత్త మిశ్రమాల పని ఎక్కువగా పరిశోధన, ప్రభుత్వ రంగ సంస్థల్లోనే ఉంటుంది. హైదరాబాద్‌లో డీఎంఆర్‌ఎల్, ఏఆర్‌సీఐ, మిధాని, కల్పాక్కంలో ఐజీకార్, తుప్పు అధ్యయనానికి పేరున్న కారైకుడి సెక్రి. పరిశ్రమలో అమార్ఫస్ లోహానికి పెద్ద గిరాకీ ట్రాన్స్‌ఫార్మర్ కోర్లలో. అక్కడ చూసేది తుప్పును కాదు, కరెంటు నష్టాన్ని. రోజువారీ కొలువులు తుప్పు నివారణలో దొరుకుతాయి: విశాఖ రిఫైనరీ, నౌకా నిర్మాణం, పోర్టులు, పైపులైన్లు, పెయింట్, కోటింగ్ తనిఖీ. తుప్పు నివారణ నిపుణుల సంస్థ ఏఎంపీపీ ఇచ్చే కోటింగ్ ఇన్‌స్పెక్టర్ సర్టిఫికెట్ ఇక్కడ అక్కరకొస్తుంది.

ఇప్పుడే మొదలుపెట్టండి

ఒకే మైల్డ్ స్టీల్ రేకు నుంచి సమానమైన ముక్కలు కోయించి, ఎమరీ పేపరుతో రుద్ది, కాలేజీ ల్యాబ్‌లో మిల్లీగ్రాము వరకు తూచండి. కాలువ నీళ్లలో, చెరువు నీళ్లలో, సూర్యలంక సముద్రపు నీళ్లలో నెలరోజులు ఉంచండి. లెక్చరర్ పర్యవేక్షణలో తుప్పు తొలగించి మళ్లీ తూచండి. తగ్గిన బరువు, ముక్క వైశాల్యం, సాంద్రత, గడిచిన గంటలతో ఏడాదికి ఎన్ని మిల్లీమీటర్లు తరిగిపోతుందో లెక్కకట్టండి. పరిశ్రమలో కూపన్ టెస్ట్ చేసేదీ ఇలాగే. ఆ తర్వాత 5 శాతం ఉప్పునీటితో, 35 డిగ్రీల దగ్గర చేసే సాల్ట్ స్ప్రే పరీక్ష, తుప్పును విద్యుత్ పద్ధతిలో కొలిచే పొటెన్షియోస్టాట్ వాడకం నేర్చుకోండి. ‘నానో టెక్నాలజీపై ఆసక్తి’ అని రెజ్యూమెలో రాసుకోవడం కంటే మీరు సొంతంగా కొలిచిన అంకెల పట్టిక ఒకటి జతచేయడం మేలు.