పాలు లేని ధనుర్మాసం: మెట్టనేల వంటలతో నెల రోజుల వీగన్ ఆహారం

పాఠం ఉద్దేశం: చలికాలంలో ఒక నెలపాటు వీగన్ ఆహారం తీసుకోదలచిన నగరవాసులు ఏయే పదార్థాలు మానవలసి ఉంటుందో, వాటి స్థానంలో ఏమి చేర్చుకోవాలో, ఎక్కడ జాగ్రత్త వహించాలో తెలుసుకోవడం. చిక్కబళ్ళాపుర జిల్లా చింతామణి తాలూకాలోని కెంచార్లహళ్ళి, దాని చుట్టుపట్ల గ్రామాల భోజనాన్ని ఈ పాఠం ఉదాహరణగా తీసుకుంటుంది. ఆ ప్రాంతం నుండి బెంగళూరుకు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. వారికి ఈ వంటలు కొత్తవి కావు. నగరజీవితంలో కొంత దూరమైనవి మాత్రమే.

1. శాకాహారం, వీగన్ ఆహారం

మన వాడుకలో శాకాహారమంటే మాంసం, చేపలు, గుడ్లు లేని భోజనం. పాలు, పెరుగు, మజ్జిగ, నెయ్యి, తేనె అందులో చేరే ఉంటాయి. వీగన్ ఆహారంలో ఇవి కూడా ఉండవు. జంతువుల నుండి లభించేది ఏదీ పళ్ళెంలోకి రాకూడదన్నది దాని నియమం. ఆహారంతో ఆగక నిత్యజీవితమంతటా ఈ నియమాన్ని పాటించేవారు తోలును, పట్టును సైతం విడుస్తారు. పట్టుగూళ్ళ వ్యాపారానికి పేరుపొందిన శిడ్లఘట్ట పక్క తాలూకాలోనే ఉన్నందున, ఆ మాట ఈ ప్రాంతంవారికి తేలికగా కొట్టివేయదగినది కాదు. అయితే ఈ పాఠం భోజనానికే పరిమితం.

'వీగన్' అనే మాట పుట్టింది 1944లో. ఆ ఏడాది నవంబరులో ఇంగ్లండులో డొనాల్డ్ వాట్సన్, మరికొందరు కలసి వీగన్ సొసైటీని స్థాపించారు. జనవరి నెలంతా ఈ ఆహారాన్ని ప్రయత్నించి చూడమని కోరే 'వీగన్యువరీ' ఉద్యమం 2014లో ఆ దేశంలోనే మొదలైంది. మన దేశంలో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2022లో వీగన్ ఆహారాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. వాటి పొట్లాలకు వేరే గుర్తును కూడా నిర్ణయించింది.

ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. పొట్లం మీది ఆకుపచ్చ చుక్క శాకాహారానికి గుర్తే తప్ప వీగన్ ఆహారానికి గుర్తు కాదు. బిస్కట్లు, బ్రెడ్డు, చాక్లెట్లు, పొడి మసాలాలు కొనేటప్పుడు వెనుక వైపున్న దినుసుల పట్టిక చదవాలి. పాలపొడి, నెయ్యి, వెన్న, వే, కేసీన్ అన్న మాటలు కనిపిస్తే అందులో పాల పదార్థం ఉన్నట్లే.

2. మబ్బు పట్టిన నెల

డిసెంబరు వచ్చేసరికి చింతామణి, బాగేపల్లి మెట్టలలోనూ బెంగళూరులోనూ ఉదయాలు పొగమంచుతో మొదలవుతాయి. బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడితే రోజుల తరబడి మబ్బు, తుంపర. సూర్యుడు కనిపించని అటువంటి రోజుల్లో మనసు వేడి కాఫీ మీదికి, నూనెలో వేగిన తినుబండారాల మీదికి పోతుంది. పాలు మానడం కష్టమనిపించేది కూడా అప్పుడే. ఎందుకంటే నగరంలో రోజు తెల్లవారేది పాల పొట్లంతోనే.

మబ్బుకు ఆరోగ్యంతో కూడా సంబంధం ఉంది. చర్మంపై ఎండ పడినప్పుడు శరీరం డి విటమిన్‌ను తయారు చేసుకుంటుంది. లండను వంటి ఉత్తరాది నగరాలలో అక్టోబరు నుండి మార్చి తొలిరోజుల వరకు ఎండకు ఆ శక్తి చాలదు. అక్కడి ప్రభుత్వ వైద్యశాఖ ఆ నెలల్లో డి విటమిన్ మాత్రలు వాడే విషయం ఆలోచించమని ప్రజలకు చెబుతుంది. కెంచార్లహళ్ళి భూమధ్యరేఖకు చాలా దగ్గర. ఇక్కడ చలికాలపు ఎండ కూడా పనికివస్తుంది. కాని ఉదయం చీకటితో బయలుదేరి రోజంతా గోడల మధ్య పనిచేసి రాత్రికి ఇల్లు చేరే నగరవాసికి ఆ ఎండ అందదు. మబ్బు విడిచిన రోజున మధ్యాహ్నం కొంతసేపు ఆరుబయట నడవడం ఈ నెలలో భోజనమంత అవసరం.

3. కెంచార్లహళ్ళి పళ్ళెం

ఆ మెట్టనేలలో ఏడాది పొడవునా పారే నది లేదు. వానను, చెరువులను, బోరుబావులను నమ్ముకుని సాగే సేద్యం అక్కడిది. తక్కువ నీటితో పండే రాగి, ఉలవ, అనప, కంది, వేరుశనగ ఆ నేలకు తగిన పంటలు. చలికాలపు భోజనం వాటితోనే సిద్ధమవుతుంది.

రాగి ముద్ద, దానికి తోడుగా అనపగింజల పులుసు. అనపగింజలను రాత్రంతా నానబెట్టి, ఒక్కొక్కటిగా వ్రేళ్ళతో పితికి, తొక్క తీసి వండే పితికిపప్పు. ఉలవలు ఉడికించిన నీటితో కాచే ఉలవకట్టు. పొలం గట్ల మీద దొరికే నాలుగైదు రకాల ఆకులు కలిపి ఎనిపిన బెరకాకు. వేరుశనగలు, ఎండుమిరప, చింతపండు నూరిన ఊరిబిండి. ఈ వరుసలో పాలు ఎక్కడా లేవు. పాలు వచ్చేది చివర మజ్జిగగా, పొద్దున అంబలిలో, పండుగనాడు నెయ్యిగా మాత్రమే.

అనపకాయ చలికాలపు పంట. మంచు పడితేనే కాయకు వాసన పడుతుందని రైతుల మాట. ఆ వాసనను కన్నడంలో 'సొగడు' అంటారు. డిసెంబరు, జనవరి నెలల్లో బెంగళూరు బజార్లు ఆ కాయలతో నిండిపోతాయి. వి.వి.పురంలో మొదలై పేరుపొందిన అవరేబేళె మేళా ఆ రుచికి నగరం చేసే పండుగ. నెల రోజుల వీగన్ ఆహారానికి ఇంతకంటె అనుకూలమైన కాలం మరొకటి దొరకదు.

4. పాల బదులు ఏమి? ఒక లెక్క

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగిలో సుమారు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. ఆవుపాలలో 100 గ్రాములకు ఉన్నది సుమారు 118. అంటే 200 గ్రాముల రాగిపిండితో చేసిన ముద్దలలోని కాల్షియం, మూడు గ్లాసుల పాలలోని కాల్షియానికి ఇంచుమించు సమానం. పెద్దవారికి రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం అవసరమని అదే సంస్థ సూచన. మిగిలిన భాగం పొట్టు తీయని నువ్వులు, ఆకుకూరలు, ఉలవలు తీర్చగలవు.

ఈ లెక్కలో ఒక మెలిక ఉంది. రాగిలోని ఫైటేట్లనే పదార్థాలు కాల్షియాన్ని, ఇనుమును కొంతవరకు పట్టి ఉంచుతాయి. పట్టికలో ఉన్నదంతా ఒంటికి పట్టదు. రాగులను నానబెట్టి మొలకెత్తించి, ఆరబెట్టి పిండి పట్టిస్తే ఈ అడ్డు తగ్గుతుంది. ఇనుము ఒంటికి పట్టాలంటే భోజనంలో నిమ్మరసమో ఉసిరికాయో ఉండాలి. భోజనంతోపాటు కాఫీ, టీ తాగితే ఇనుము పట్టదు. గంటసేపు ఆగి తాగడం మంచిది.

మాంసకృత్తుల విషయంలోనూ ముద్దకు పప్పుకు పొత్తు ఉంది. లైసీన్ అనే అంశం ధాన్యాలలో తక్కువ, అనప, ఉలవ, కంది వంటి పప్పుధాన్యాలలో ఎక్కువ. మెథియోనీన్ అనే మరొక అంశం పప్పులలో తక్కువ, రాగిలో ఎక్కువ. ముద్దను పులుసుతో తినే అలవాటు రుచి కోసం పుట్టినదే కావచ్చు. కాని ఒకదాని కొరతను మరొకటి తీర్చడం అందులో ఉంది.

ఇప్పుడు అసలు విషయానికి రావచ్చు. నగరానికి వచ్చిన కుటుంబాల పళ్ళెంలో మొదట తగ్గినది రాగి. దాని చోటు తెల్ల అన్నం తీసుకుంది. అన్నంలో కాల్షియం నామమాత్రం. పప్పు పలుచబడింది, ఆకు తగ్గింది. ఆ లోటును ఇన్నాళ్ళూ కొంతవరకు కప్పినవి పాలు, పెరుగు. తెల్ల అన్నం, ఆలుగడ్డ వేపుడు, చారు ఉన్న పళ్ళెం నుండి పెరుగును కూడా తీసివేస్తే మిగిలేది వీగన్ ఆహారమే కాని పోషణ కాదు. కనుక ఈ నెలలో మొదటి పని పాలు మానడం కాదు. రాగిని, పప్పును, ఆకును తిరిగి పళ్ళెంలోకి తెచ్చుకోవడం.

5. పొలంలో పండనిది ఒకటి

ఎంత మంచి పళ్ళెమైనా తీర్చలేని లోటు ఒకటి ఉంది. అది బి12 విటమిన్. దీనిని మొక్కలు తయారు చేయలేవు, జంతువులూ చేయలేవు. సూక్ష్మజీవులు మాత్రమే చేయగలవు. మనుషులకు అది మాంసం, గుడ్లు, పాల ద్వారా అందుతుంది. ఇడ్లీ పిండి పులిసినా, ఊరగాయ ఊరినా నమ్మదగినంత బి12 రాదు. స్పిరులినాలో ఉన్నదని చెప్పేది చాలావరకు మన శరీరానికి పనికిరాని రూపం.

అవసరమైన మోతాదు చాలా చిన్నది. రోజుకు రెండు మైక్రోగ్రాములకు కాస్త పైన. శరీరం దీనిని కాలేయంలో దాచుకుంటుంది కనుక, నిల్వ బాగా ఉన్నవారికి ఒక నెలలో ముప్పు రాదు. అయితే మాంసం, గుడ్లు తినని మన కుటుంబాలలో ఆ నిల్వ ముందే తక్కువగా ఉన్నవారు ఎందరో. చేతులు, కాళ్ళు తిమ్మిరెక్కడం, నాలుక మంట, విడువని అలసట, మతిమరుపు దీని లక్షణాలు. చాలాకాలం పట్టించుకోకపోతే నరాలకు కలిగే హాని పూర్తిగా నయం కాకపోవచ్చు. నెల మొదలుపెట్టే ముందు వైద్యుని సలహాతో రక్తపరీక్ష చేయించుకోవడం, బి12 మాత్ర వాడడం వీగన్ ఆహారంలో భాగమే. దానిని ఆహార నియమానికి భంగమని భావించనక్కర లేదు.

6. ఎవరు ముందుగా వైద్యుని అడగాలి

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, రక్తహీనత ఉన్నవారు, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు వైద్యుని సలహా లేకుండా ఈ ప్రయత్నం చేయరాదు. మధుమేహానికి మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడుతున్నవారిలో బి12 తగ్గే అవకాశం ఉంది. వారికి పరీక్ష మరింత ముఖ్యం. ఇన్సులిన్ తీసుకునేవారు అన్నం నుండి ముద్దకు మారితే రక్తంలో చక్కెర మారవచ్చు. పసిపిల్లలకు తల్లిపాల స్థానంలో వేరుశనగ పాలు, కొబ్బరిపాలు, రాగి జావ ఇవ్వడం ప్రమాదకరం. ఎదిగే పిల్లలను పెద్దల నెలవారీ ప్రయత్నంలోకి లాగకపోవడం ఉత్తమం.

7. నెల నడక

డిసెంబరు 16 ప్రాంతంలో మొదలై సంక్రాంతితో ముగిసే ధనుర్మాసం ఈ ప్రయత్నానికి తగిన కొలత.

మొదటి వారం: ఏమీ మానవద్దు. రోజుకు ఒక పూట ముద్ద, ఒక పప్పుధాన్యపు పులుసు, ఒక ఆకుకూర చేర్చాలి. ముద్ద కొత్తయితే సగం ముద్దతో మొదలుపెట్టాలి. పీచు ఒక్కసారిగా పెరిగితే కడుపు ఉబ్బరిస్తుంది.

రెండవ వారం: కాఫీ, టీలలో పాలు మానాలి. శొంఠి, ధనియాలు, మిరియాలు వేసి కాచిన బెల్లపు కషాయం పొద్దుటి చలికి సరిపోతుంది. సాయంత్రం చిరుతిండికి ఉడికించిన వేరుశనగలు, గుగ్గిళ్ళు.

మూడవ వారం: పెరుగు, మజ్జిగ మానాలి. వేరుశనగలు నానబెట్టి రుబ్బి, వడకట్టి కాచిన పాలను గోరువెచ్చగా చేసి, కడిగిన పచ్చిమిరప ముచ్చికలు వేసి ఉంచితే పెరుగులా తోడుకుంటుంది. అంబలిలో మజ్జిగకు బదులు నిమ్మరసం, సన్నగా తరిగిన ఉల్లిపాయ వేసుకోవచ్చు.

నాలుగవ వారం: నెయ్యి, తేనె కూడా విడిచి పూర్తి వీగన్ భోజనం. పొంగలికి నేతి బదులు నువ్వుల నూనె తాలింపు, కొబ్బరి తురుము.

ఈ లెక్కన పూర్తి నియమం చివరి వారానికే పరిమితమవుతుంది. నెలంతా పాటించదలచినవారు మొదటి మూడు వారాల అభ్యాసాన్ని నవంబరు చివరిలోనే మొదలుపెట్టుకోవాలి.

8. ఇంటివారి మాట

కోలారు, చిక్కబళ్ళాపుర జిల్లాలలో వాన మోసం చేసిన ఏడు ఇంటిని నిలబెట్టేది పాడి. ఉదయం, సాయంత్రం డెయిరీకి పోసే పాల డబ్బుతోనే ఎందరో పిల్లలు నగరంలో చదివి ఉద్యోగాలకు వచ్చారు. అటువంటి ఇంటి కొడుకు సెలవుకు ఊరికి వెళ్ళి తాను పాలు మానానని చెప్పాడనుకుందాం. "పాలే వద్దంటే మనింట్లో పొయ్యి ఎట్ల వెలిగేది నాయనా?" అని తల్లి అడిగితే ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. పాలు ఇవ్వని ఆవును, మగదూడను రైతు ఎలా పోషించాలన్న ప్రశ్న కొడుకు వైపు నుండి వచ్చినా అందులోనూ న్యాయం ఉంది. నెల రోజుల భోజనం ఈ రెండింటికీ సమాధానం చెప్పజాలదు. తన పళ్ళెంలో ఏముండాలో ఎవరికి వారు నిర్ణయించుకోవచ్చు. ఆ నిర్ణయం మరొకరి శ్రమను చిన్నబుచ్చనక్కర లేదు. ఆ తల్లి చేతి పితికిపప్పు అడిగి తినడం ఆమెకు కూడా సంతోషమే.

సంక్రాంతినాడు కర్ణాటకమంతటా నువ్వులు, బెల్లం, ఎండుకొబ్బరి, వేరుశనగ, పుట్నాలు కలిపి ఇరుగుపొరుగుకు పంచుతారు. పశువులకు స్నానం చేయించి, కొమ్ములకు రంగులు వేసి గౌరవించేది ఆ రోజే. నెల పూర్తిచేసినవారు ఆ పంపకంలో నిరభ్యంతరంగా పాలుపంచుకోవచ్చు. ఆ పొట్లంలో జంతువుల నుండి వచ్చినది ఏదీ లేదు. మరునాటి నుండి పాలు తిరిగి ప్రారంభించినా ప్రారంభించకపోయినా, రాగి ముద్దను మాత్రం విడువరాదు.

ఆలోచించవలసిన ప్రశ్నలు

1. మీ ఇంట్లో గత వారం రాగి ఎన్ని పూటలు వండారు? మీ పెద్దల కాలంలో ఎన్ని పూటలు వండేవారు?

2. వంటగదిలోని ఐదు పొట్లాల వెనుక దినుసుల పట్టిక చదవండి. ఆకుపచ్చ చుక్క ఉన్నప్పటికీ పాల పదార్థం ఉన్నవి ఎన్ని?

3. బి12 లోపాన్ని భోజనం మార్పుతో మాత్రమే సరిచేయవచ్చని ఎవరైనా చెబితే మీరిచ్చే సమాధానం ఏమిటి?