దీర్ఘరోగికి శరణుల తోడు

వీరశైవమున దేహము హేయము కాదు. ఇష్టలింగమును ధరించుటకు, కాయకము చేయుటకు, దాసోహము నెరపుటకు దేహమే ఆధారము. బసవేశ్వరుడు దేహమునే దేవాలయముగ దర్శించెను. అట్టి దేహమునకు జీవితాంతము విడువని వ్యాధి ప్రాప్తించినపుడు భక్తుని మనస్సు ఎట్లుండును? తోటి శరణుల కర్తవ్యమేమి? ఈ పాఠమున విచారింపదగిన విషయమిది.

వ్యాధి, మనఃక్లేశము

దీర్ఘవ్యాధులలో మధుమేహమును ఉదాహరణముగ గ్రహింపవచ్చును. భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనము 2023లో ప్రకటితమైనది. దాని ప్రకారము దేశమున సుమారు 10.1 కోట్ల మందికి ఈ వ్యాధి గలదు. జ్వరము వచ్చి పోవును, ఇది పోదు. ఆహారమును ఆచితూచి తినవలెను. మాత్ర వేళ తప్పరాదు. కొందరు దినమునకు పలుమార్లు ఇన్సులిన్ సూది వేసికొనవలెను. ఎంత జాగ్రత్తగ ఉన్నను ఒక్కొక్కనాడు రక్తమున చక్కెర పెరుగును. ఈ పనికి ఆదివారము లేదు, పండుగ లేదు.

దీనివలన కలుగు విసుగు, భయము, అపరాధభావము వ్యాధిభారములో భాగములే. వీనిని గుర్తించుటకు 1995లోనే 20 ప్రశ్నలతో కూడిన ఒక పట్టిక వైద్యలోకమున వెలువడినది. ఈ క్లేశము వేరు, కుంగుబాటు అను మానసిక వ్యాధి వేరు. రెండు వారములకు పైగా దాదాపు ప్రతిదినము దిగులు, ఏ పనియందును ఆసక్తి లేకపోవుట, నిద్రాహారములు తప్పుట కనబడినచో అది కుంగుబాటు కావచ్చును. మధుమేహము లేనివారి కంటె ఉన్నవారిలో ఇది సుమారు 2 రెట్లు అధికముగ కనబడును. కుంగిన మనస్సు మందును మరచును, నడకను మానును. అందుచే వ్యాధి ముదురును. అది చూచి మనస్సు మరింత కుంగును. ఈ చక్రమును ఛేదించుటకు మందుతోపాటు మనిషి తోడు కావలెను.

పాపఫలమను మాట

రోగిని పరామర్శింప వచ్చినవారు కొందరు, "ఏ జన్మలో ఏమి చేసెనో" అని నిట్టూర్తురు. "లింగపూజలో లోపము జరిగినదేమో" అని సందేహింతురు. సానుభూతితోనే పలికినను ఈ మాటలు రోగిని గాయపరచును. శాస్త్రదృష్టితో చూచినను ఇవి నిలువవు. బాల్యమున తరచుగ వచ్చు ఒక విధమైన మధుమేహమున శరీర రక్షణశక్తియే పొరబడి, క్లోమములో ఇన్సులిన్‌ను ఉత్పత్తి చేయు కణములను నశింపజేయును. ఇందు బిడ్డ దోషము గాని, తల్లి దోషము గాని ఏమున్నది?

సిద్ధాంతదృష్టితో చూచినను ఇవి సరికావు. దీక్షచే ఆణవ, మాయా, కార్మిక మలములు తొలగునని వీరశైవము బోధించుచున్నది. దీక్షితుడైన లింగధారి పడకనెక్కినంతనే పూర్వకర్మమును అతనికి అంటగట్టుట ఆ దీక్షను శంకించుటయే యగును. జనన మరణాది పంచసూతకములనే త్రోసిపుచ్చిన ధర్మమున రోగికి మైల ఎక్కడిది?

పాల్కురికి సోమనాథుని బసవపురాణములోని బెజ్జమహాదేవి కథ ఇచట స్మరింపదగినది. శివునికి తల్లి లేదని జాలిగొని ఆమె తానే తల్లియై లింగమును శిశువువలె పెంచెను. శివుడు అంగిటిముల్లు వచ్చిన బిడ్డవలె నటించి పాలు త్రాగకుండెను. ఆ తల్లి తల్లడిల్లెనే కాని బిడ్డయందు దోషము వెదకలేదు. రోగిని చూడవలసిన చూపు అది.

కాయకమును గూర్చిన చింత

"ఇక నేనెందుకు పనికివత్తును?" అను చింత దీర్ఘరోగిని లోలోపల తినివేయును. కాయకమును పరమధర్మముగ ఎంచు ఇంట ఈ బాధ మరింత తీవ్రము. అయితే కాయకపు విలువ పరిమాణములో లేదు. ఆయ్దక్కి మారయ్య నేలరాలిన బియ్యమును ఏరి దాసోహము చేసినవాడు. ఒకనాడతడు నిత్యము కంటె ఎక్కువ తెచ్చినపుడు భార్య లక్కమ్మ అంగీకరింపక తిరిగి ఇచ్చివేయుమనెను. తగినంతయే కాయకమని ఆమె భావము. పది గంటలు మగ్గము నేసిన చేయి నేడు గంటసేపే నేయగలిగినచో ఆ గంటయు కాయకమే. రోగి చేతినుండి పనిని పూర్తిగ లాగివేయుట దయ కాదు; శక్తికి తగిన పనిని అతనికి మిగుల్చవలెను.

వినుట యను దాసోహము

కల్యాణమున అనుభవమంటపములో అల్లమప్రభువు అధ్యక్షతన పడవ నడుపువాడును, బట్టలుతుకువాడును, మంత్రియు సమానముగ కూర్చుండి తమ అనుభవమును చెప్పుకొనిరి. ఒకరి అనుభవము మరియొకరికి దీపమగునను ఈ విశ్వాసమునే నేటి రోగుల సహాయ బృందములు వేరొక రీతిని ఆచరించుచున్నవి.

ఇట్టి తోడు ఫలించునని చూపిన పరిశోధన యొకటి తెలుగునేలపైనను జరిగినది. ఢిల్లీ, చెన్నై, బెంగళూరు, విశాఖపట్నములలోని నాలుగు వైద్యశాలలలో మధుమేహముతోపాటు కుంగుబాటు లక్షణములు గల 404 మందిపై ఇది సాగినది; ఫలితములు 2020లో వెలువడినవి. కొందరికి సాధారణ చికిత్సయే లభించినది. తక్కినవారిని వైద్యులు కాని శిక్షిత సహాయకులు ఏడాదిపాటు తరచుగ పలుకరించి ధైర్యము చెప్పిరి. వారి వెనుక నిపుణుల పర్యవేక్షణ ఉండెను. 24 నెలలకు మనోస్థితియందును, చక్కెర, రక్తపోటు, కొలెస్టరాల్‌లలో ఒకదానియందైనను మెరుగుపడినవారు రెండవ వర్గమునందే అధికముగ ఉండిరి.

తోడుండువారు పాటింపదగిన నియమములు:

1. ముందు వినవలెను. అడుగనిదే సలహా చెప్పరాదు. ఆకు పసరులను పేర్కొని మందు మాన్పింపరాదు.

2. చక్కెర అంకెను చూచి మందలింపరాదు. ఆ అంకె మందు మార్చుటకు గుర్తు. మనిషి గుణమునకు కొలత కాదు.

3. ప్రసాదమును బలవంతము చేయరాదు. లేశమాత్రము కన్నులకద్దుకొని స్వీకరించినను ప్రసాదము ప్రసాదమే. ఇన్సులిన్ తీసికొనువారు శివరాత్రి ఉపవాసమునకు ముందు వైద్యుని అడుగవలెను. చక్కెర మిక్కిలి పడిపోయినచో ప్రాణాపాయము కలుగును.

4. సేవ చేయు ఇల్లాలిని మరువరాదు. వారమునకు ఒక పూట ఆమెకు బదులు కూర్చుండుట గొప్ప దాసోహము.

5. కుంగుబాటు లక్షణములున్నచో వైద్యునికి చూపవలెను. "అంతయు నా తప్పే" వంటి ఆలోచనలను పరీక్షించి సరిదిద్దుకొను విధమును నేర్పు సంభాషణ చికిత్స కలదు. అవసరమైనచో మందులును కలవు. ఇది భక్తిలోపము కాదు. జీవింపనొల్లనని రోగి పలికినచో ఒంటరిగ విడువరాదు. 2022లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలిమానస్ సేవకు 14416 సంఖ్యపై రాత్రింబవళ్లు ఉచితముగ మాటాడవచ్చును.

మననము చేయదగిన ప్రశ్నలు

1. రోగమును పాపఫలమనుట దీక్షాసిద్ధాంతమునకు ఎట్లు విరుద్ధము?

2. లక్కమ్మ మాట దీర్ఘరోగికి ఎట్లు ఊరట నిచ్చును?

3. గ్రామమున దీర్ఘవ్యాధితో ఉన్న శరణులెవరు? ఈ మాసమున వారి గడప త్రొక్కినవారెవరు?

మూడవ ప్రశ్నకు సమాధానము నోటితో చెప్పునది కాదు. జంగమమనగా చరించునది, రోగి కదలలేనపుడు శరణుడే అతని ఇంటికి కదలిపోవలెను.